చెట్‌పెట్ పాత ఇల్లు, తాటికొండ నంబెరుమాళ్ చెట్టి గారు: వివరాలు తెలిసినవాళ్ళు చెప్పండి

చెట్‌పెట్ కోడలు | శనివారం ఉదయం 7:50

అందరికీ నమస్కారమండీ. మాది ఒంగోలు దగ్గర. పెళ్ళయి చెన్నై వచ్చి 22 ఏళ్ళయింది. మా అత్తగారి ఇల్లు చెట్‌పెట్‌లో, స్పర్‌టాంక్ రోడ్డు వెనక సందులో ఉంది. పాత మిద్దె. ముందు నాలుగు స్తంభాల వరండా, లోపల హాలు. హాల్లో తలెత్తి చూస్తే టేకు దంతెలు, వాటి మీద ఐమూలగా పేర్చిన సన్నటి ఇటుకలు కనబడతాయి. మొన్నటి వానలకి రెండు చోట్ల కురిసింది. బకెట్లు పెట్టుకుని పడుకున్నాం.

ఇప్పుడు బిల్డరు ఒకాయన జాయింట్ వెంచర్‌కి ఇమ్మని అడుగుతున్నారు. మా మరిది ఇచ్చేద్దాం అంటున్నాడు. అత్తయ్యకి 81. ఆవిడది ఒకటే మాట: "ఇది నంబెరుమాళ్ చెట్టి గారి ఇల్లే. హైకోర్టు కట్టిన చేతులు దీన్ని కట్టాయి." ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గోడ మీద చెయ్యి వేసి చెబుతారు.

నేను అడిగేవి రెండు. ఆయన గురించి నిజంగా తెలిసినవాళ్ళు ఉన్నారా? ఈ కప్పుని బాగు చేయించొచ్చా, లేక అందరూ చెప్పినట్టు పైన కాంక్రీటు పోసేయడమేనా?

పాతపటాలు | శనివారం ఉదయం 9:15

అమ్మా, మంచి ప్రశ్న అడిగారు. నేను పదిహేనేళ్ళుగా మద్రాసు పాత పటాలూ గెజెట్లూ తిరగేస్తున్నాను. ఈ మనిషి గురించి తెలుగులో రాసింది చాలా తక్కువ. అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

తాటికొండ నంబెరుమాళ్ చెట్టి గారు, 1856–1925. ఇంటిపేరు చూడండి, మనది. పేరేమో శ్రీరంగం రంగనాథుడి ఉత్సవమూర్తిది. చెన్నపట్నం తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఇలాగే ఉంటుంది, ఇంటిపేరు కృష్ణకి ఆవలిదీ పేరు కావేరి ఒడ్డుదీ.

చెన్నైలో ఎర్ర ఇటుక భవనం ఏది చూసినా ఆయన నీడ పడుతుంది. 1892లో తెరిచిన హైకోర్టు, పక్కనే లా కాలేజీ, 1896లో కన్నెమరా లైబ్రరీ, 1897లో బీచి రోడ్డు మీద బ్యాంక్ ఆఫ్ మద్రాస్ (ఇప్పుడది స్టేట్ బ్యాంకు), 1909లో మ్యూజియం ఆవరణలోని విక్టోరియా మెమోరియల్ హాలు (ఇప్పటి నేషనల్ ఆర్ట్ గ్యాలరీ). ఇవన్నీ గీసింది హెన్రీ ఇర్విన్ అని పుస్తకాల్లో ఉంటుంది. హైకోర్టుకి మొదటి నక్షా బ్రాసింగ్టన్‌ది, దాన్ని పెంచి పూర్తి చేయించింది ఇర్విన్. కట్టినవాడు మాత్రం చెట్టి గారు.

ఇక సెంట్రల్ స్టేషన్ పక్కన విక్టోరియా పబ్లిక్ హాలు. దానికి 1883 డిసెంబరులో శంకుస్థాపన చేసింది మన విజయనగరం మహారాజు ఆనంద గజపతి గారు. నక్షా రాబర్ట్ చిజమ్ అనే ఆర్కిటెక్టుది. 1888 నుంచి 1890 దాకా కట్టుబడి చెట్టి గారిది. శంకుస్థాపనా తెలుగువాడిదే, తాపీ పనీ తెలుగువాడిదే. ఆ మెట్ల మీద నిలబడ్డ ప్రతిసారీ నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

ఎగ్మూరు రైలుబండి | శనివారం ఉదయం 10:02

ఎగ్మూరు స్టేషన్ వదిలేశారేంటి సార్? రిప్పన్ బిల్డింగు కూడా ఆయనదే కదా. మా ఆఫీసులో అందరూ అలాగే చెప్పుకుంటాం.

పాతపటాలు | శనివారం ఉదయం 10:20

కాదు తమ్ముడూ. ఎగ్మూరు స్టేషన్ 1908లో తెరిచారు. ఇర్విన్ చెయ్యి ఉంది గానీ, కట్టిన కాంట్రాక్టరు బెంగుళూరు నుంచి వచ్చిన సామినాథ పిళ్ళై. రిప్పన్ బిల్డింగు 1913లో పూర్తయింది. నక్షా హారిస్‌ది, కట్టుబడి లోగనాథ మొదలియార్‌ది. చెట్టి గారికి ఉన్న కీర్తి చాలు, పక్కవాళ్ళది తెచ్చి కలపక్కర్లేదు. ఒక్క పేరు తప్పుగా అంటిస్తే మిగతా నిజాలని కూడా ఎవరూ నమ్మరు.

లెక్కల టీచరమ్మ | శనివారం మధ్యాహ్నం 1:40

చెట్‌పెట్ అనగానే నాకు శ్రీనివాస రామానుజన్ గుర్తొస్తాడు. ఇంగ్లండు నుంచి 1919లో తిరిగొచ్చాడు. ఒంట్లో బాగోలేక ఊళ్ళు మారి, 1920 జనవరిలో మద్రాసు చేరాడు. ఆ జనవరిలోనే, ఇంగ్లండులో తనని ఆదరించిన గణితజ్ఞుడు హార్డీకి ఆఖరి ఉత్తరం రాశాడు, మాక్ తీటా ఫంక్షన్లని తను కొత్తగా కనిపెట్టిన లెక్కల గురించి. చివరి రోజులు హారింగ్టన్ రోడ్డు వైపు చెట్టి గారి ఇళ్ళల్లోనే గడిచాయి, ముందు 'క్రైనాంట్', తర్వాత 'గోమెట్రా'. అక్కడే ఏప్రిల్ 26న కన్నుమూశాడు. వయసు 32.

పదో తరగతి పిల్లలకి ఏటా ఈ సంగతి చెబుతాను. మంచం మీద పడుకుని, పలక మీద లెక్క వేసి, మోచేత్తో తుడిచి, మళ్ళీ వేసేవాడు. ఆ పలక పెట్టుకోవడానికి ఒక గదీ, కాస్త గాలీ, నీడా ఇచ్చినవాడు ఒక ఇళ్ళు కట్టే మనిషి. అతనికి అంతకుముందు నెలనెలా డబ్బిచ్చి ఆదుకున్న రామచంద్రరావు గారేమో నెల్లూరు కలెక్టరు.

మీ అత్తగారు ఎంత పుణ్యాత్మురాలో అమ్మా, ఆ వీధుల్లో కాపురం చేసింది.

చెట్‌పెట్ కోడలు | శనివారం సాయంత్రం 6:30

టీచర్ గారూ, మీరు రాసింది అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ "లెక్కల అయ్యరు చచ్చిపోయిన ఇల్లు" అని ఒక కాంపౌండు చూపించేదట. ఆవిడకి ఆ పేరు ఇన్నాళ్ళూ తెలియదు.

ఇంకో సంగతి. ఆయనకి ఇక్కడ 99 ఇళ్ళు ఉండేవనీ, నూరోది వద్దన్నారనీ, చెట్టి గారి పేట కాబట్టే చెట్‌పెట్ అయిందనీ అత్తయ్య అంటారు. నిజమేనా?

పాతపటాలు | శనివారం రాత్రి 8:05

99 మాట ఈ ప్రాంతంలో అందరి నోటా వింటాం. అంకెని పట్టుకోకండి. చెట్‌పెట్‌లో చాలా భాగం ఒకప్పుడు ఆయన చేతిలో ఉండేదన్నది మాత్రం నిజం. పేరు సంగతి వేరు. ఆయన పుట్టక ముందు పటాల్లోనే ఈ ఊరి పేరుంది. తమిళంలో సేత్తుపట్టు అంటారు. కాబట్టి ఊరు ఆయన పేరున రాలేదు. ఆయన వచ్చాక, పేరు ఆయనదే అనిపించేంతగా ఊరు మారింది. నా దృష్టిలో అదే పెద్ద గౌరవం.

మద్రాసులో కారు కొన్న మొదటి భారతీయుడు కూడా ఆయనే. నంబరు ఎం.సి. 3.

నెల్లూరు మేస్త్రి మనవడు | ఆదివారం ఉదయం 6:10

నేను ఎప్పుడూ ఇక్కడ చదివి వెళ్ళిపోతాను. ఈసారి రాయకుండా ఉండలేకపోయాను.

మేము వడ్డెర వాళ్ళం. మాది గూడూరు అవతల. మా ముత్తాత వాళ్ళ నాయన 1876–78 కరువులో ఇల్లు విడిచాడు. మద్రాసు లోపల కూవం, అడయారు నదులు కలిసేటట్టు కాలవ తవ్వింది ఆ కరువు పనిలోనే, బకింగ్‌హామ్ కాలవ. గవర్నరు పేరు పెట్టారు. తట్ట మోసినవాళ్ళు మావాళ్ళు. కాలవ పనయ్యాక తిరిగి ఊరికి పోలేదు. రాయి కొట్టడం, పునాది తవ్వడం తెలుసు కాబట్టి కోర్టు కడుతుంటే అక్కడ చేరారని మా ఇంట్లో చెప్పుకుంటారు. కాగితం ఏమీ లేదు. మా ముత్తాతకి సంతకం కూడా రాదు, ఏ కాగితంలో ఉంటాడు?

మీరంతా ఇర్విన్ పేరు పుస్తకంలో ఉంది, చెట్టి గారి పేరు లేదు అని బాధపడుతున్నారు. సబబే. కానీ చెట్టి గారి పేరు మీలాంటి వాళ్ళు నలుగురైనా చెబుతున్నారు. ఆయన కింద మేస్త్రి, మేస్త్రి కింద తాపీవాడు, వాడి కింద తట్ట మోసిన ఆడమనిషి. ఆ మెట్ల మీద పేరు పలికేవాళ్ళే లేరు. కొంచెం వాళ్ళ గురించి కూడా మాట్లాడండి సార్. కోపంతో రాయడం లేదు.

పాతపటాలు | ఆదివారం ఉదయం 7:00

తమ్ముడూ, నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. "కట్టినవాడు మాత్రం చెట్టి గారు" అని నిన్న రాశాను. ఆ మాట ఇవాళ మార్చుకుంటున్నాను: కట్టించినవాడు. మీ ఇంట్లో పని గురించి ఇంకా ఏం చెప్పుకునేవారో రాయి.

నెల్లూరు మేస్త్రి మనవడు | ఆదివారం ఉదయం 11:25

మా నాయన 2009లో పోయాడు. ఆయన చిన్నప్పుడు చూసింది చెబుతాను.

సున్నం రెండు రకాలు, గుల్ల సున్నం, రాతి సున్నం. పులికాట్ వైపు నుంచి గుల్ల కాలవ మీద పడవల్లో వచ్చేదట. పూతకి గుల్ల సున్నమే. కాల్చిన గుల్లని నీళ్ళ గుంటలో వేస్తే కుతకుతా ఉడుకుతుంది. పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. దాన్ని రోజుల తరబడి నీళ్ళలోనే మాగనివ్వాలి. తర్వాత గానుగ. రాతి చక్రానికి ఎద్దుని కట్టి, గుండ్రటి కాడిలో సున్నం, ఇసుక వేసి తిప్పుతారు. చేతిలోకి తీసుకుంటే వెన్నలాగా ఉండాలి, వేలికి అంటి జారకూడదు. మా నాయన నాలిక మీద కొంచెం పెట్టుకుని చూసేవాడు, చురుక్కుమంటే ఇంకా మాగలేదని.

మిద్దె పోసేటప్పుడు ఇటుక జల్లి, అంటే కొట్టిన ఇటుక ముక్కలు, సున్నం కలిపి పరిచి, ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్క దిమ్మిసలతో కొట్టేవాళ్ళు. ఒక రోజు కాదు, రోజుల తరబడి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ కొట్టాలి. దెబ్బలు ఒక లయలో పడాలి కాబట్టి పాట పాడేవాళ్ళు. మా నాయనమ్మ ఆ పనికి పోయేది. మా అమ్మ దగ్గర ఆవిడ దిమ్మిస ఇప్పటికీ ఉంది. చింత చెక్క. పట్టుకునే చోట బొటనవేలు ఆనే గుంట పడిపోయింది.

సున్నపు చెయ్యి | ఆదివారం మధ్యాహ్నం 3:30

నాది పాత ఇళ్ళ మరమ్మతు పని. మైలాపూరు, జార్జ్‌టౌన్‌లలో ఎక్కువ చేస్తుంటాను. కోడలమ్మా, మీ రెండో ప్రశ్న దగ్గరికి వస్తాను, అందరూ దాన్ని మర్చిపోయారు.

మీ కప్పుని మద్రాసు టెర్రసు అంటారు. దంతెల మీద సుమారు ఒక అంగుళం మందం ఉండే చిన్న ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా పేరుస్తారు. ఐమూలగా ఎందుకంటే ఒక వరస ఇంకో వరసని ఆనుకుని బిగుస్తుంది, కింద పలక పెట్టక్కర్లేకుండా మేస్త్రి మూల నుంచి కట్టుకుంటూ రాగలడు. దానిమీద మూడంగుళాల ఇటుక జల్లి సున్నం, ఇందాక తమ్ముడు చెప్పిన దిమ్మిస పని. ఆ పైన తట్టోడు అనే పలచటి బల్లపరుపు పెంకులు. ఎండకి కర్ర కదులుతుంది, సున్నం కూడా దాంతోపాటు కొంచెం కదులుతుంది, పగలదు.

కాంక్రీటు మాత్రం పోయించొద్దు. బరువు ఆ దంతెలు ఓర్చుకోవు. పైగా లోపల చేరిన నీళ్ళు బయటికి పోవడానికి దారి ఉండదు. పైకి బాగానే కనబడుతూ కింద దంతె గోడలోకి దిగే చోట కుళ్ళిపోతుంది.

ముందు ఇవి చూడండి. పైన నీళ్ళు పోయే గొట్టాలు మూసుకుపోయాయేమో, పిట్టగోడ మొదట్లో రావి మొక్క మొలిచిందేమో. తర్వాత నిచ్చెన వేసుకుని ప్రతి దంతె కొస దగ్గర పాత స్క్రూడ్రైవరుతో గుచ్చండి. టేకు గట్టిగా ఉంటే మొన దిగదు. మెత్తగా దిగితే ఆ దంతె మార్చాలి, అన్నీ మార్చక్కర్లేదు. చివరగా అడుగుతున్నా, గోడలకి ఎప్పుడైనా సిమెంటు పూత వేయించారా?

చెట్‌పెట్ కోడలు | ఆదివారం రాత్రి 9:10

వేయించాం అన్నా. ఎనిమిదేళ్ళ క్రితం. ఒక కాంట్రాక్టరు వచ్చి, సున్నం పూత అంతా చెక్కేసి సిమెంటు వేస్తే జన్మలో చూసుకోనక్కర్లేదన్నాడు. లక్షా ఎనభై వేలు తీసుకున్నాడు. రెండో వానాకాలానికే నడుము ఎత్తు దాకా చెమ్మ ఎక్కింది. తెల్లగా ఉప్పు పూసి, పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. ఫోన్ చేస్తే తీయలేదు. ఆ సున్నం పూత అద్దంలా మెరిసేది. చిన్నప్పుడు మా ఆయన వాళ్ళు దాంట్లో మొహం చూసుకునేవాళ్ళట. దాన్ని చెక్కుతుంటే అత్తయ్య వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. అప్పుడు మాకు తెలియలేదు. అది ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

సున్నపు చెయ్యి | ఆదివారం రాత్రి 9:45

బాధపడకండి. నేను చూసే పది ఇళ్ళల్లో ఏడింటిలో ఇదే కథ. పాత గోడ నేలలో చెమ్మని పీల్చి పూతలోంచి గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. కింద నాలుగడుగుల మేర సిమెంటు తీసేసి, ఎండాకాలం రెండు నెలలు గోడని ఊరికే వదిలేయండి. ఆరాక మాగిన సున్నంతో పూత. మెరుపు పూత పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు, కారైక్కుడి వైపు నుంచి పిలిపిస్తాను.

హౌసింగ్ లోన్ | సోమవారం ఉదయం 8:30

ఇంకో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదండీ. చెట్‌పెట్‌లో స్థలం విలువ ఎంతో అందరికీ తెలుసు. వాటాదార్లు నలుగురుంటే, ఒకరు ఇల్లు ఉంచుకోవాలనుకుంటే మిగతా ముగ్గురి గతేంటి? మా ఇల్లు పురసవాక్కంలో అలాగే ఇచ్చాం. పెద్దవాళ్ళకి లిఫ్టు వచ్చింది, చెల్లెలి పెళ్ళి అయింది. అది తప్పు అనుకోవడం లేదు. మీ మరిదిని విలన్‌ని చేయకండి.

చెట్‌పెట్ కోడలు | సోమవారం ఉదయం 10:00

చేయడం లేదండీ. వాడికి ఇద్దరు పిల్లల చదువులు. వాడూ ఆ వరండాలోనే పెరిగాడు. అందుకే నిజం ఏమిటో తెలుసుకుని మాట్లాడదామని ఇక్కడ అడిగాను.

పాతపటాలు | సోమవారం ఉదయం 10:40

నిజం తెలియాలంటే మూల దస్తావేజు చూడండి. ఈసీలో, అంటే రిజిస్ట్రారు ఆఫీసు ఇచ్చే ఆస్తి లావాదేవీల పట్టీలో, కొన్ని దశాబ్దాలే దొరుకుతాయి, పాత కాగితం ఇంట్లో ట్రంకుపెట్టెలోనే ఉంటుంది. అమ్మినవాళ్ళ పేరు కంటే నాలుగు హద్దులూ చదవండి. పక్క స్థలం ఎవరిదో అందులోనే ఉంటుంది.

చెట్‌పెట్ కోడలు | శుక్రవారం రాత్రి 10:15

దొరికింది. అత్తయ్య పెళ్ళి చీరల కింద, గుడ్డలో చుట్టి. 1931 నాటిది. తమిళంలో ఉంది, మా ఆయన చదివారు. ఖాళీ నివేశన స్థలంగా కొన్నట్టు ఉంది. అంటే చెట్టి గారు పోయాక ఆరేళ్ళకి. ఇల్లు ఆయన కట్టించింది కాదు.

ఉత్తరం హద్దు మాత్రం "చెట్టిగారి తోట" అని ఉంది. ఏ చెట్టిగారో రాయలేదు.

అత్తయ్యకి చెప్పడానికి రెండు రోజులు భయపడ్డాను. చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మా మామగారే కట్టించారన్నమాట. ఆయన ఎప్పుడూ చెప్పుకోలేదు" అన్నారు.

నెల్లూరు మేస్త్రి మనవడు | శుక్రవారం రాత్రి 10:50

అక్కా, 1931 అంటే మా ముత్తాత ఇంకా తాపీ పడుతున్న కాలం. ఆ ఇల్లు ఆయన కట్టాడని నేను అనను. కానీ అప్పట్లో ఈ పట్నంలో పెద్ద పని నేర్చిన వాళ్ళు ఎక్కడ నేర్చారు? అలాంటి కట్టుబళ్ళ దగ్గరే. ఒక భవనం అయిపోతే మేస్త్రి ఇంటికి పోడు, పక్క వీధిలో ఇల్లు పడతాడు. మీ అత్తగారు చెప్పిన రెండు మాటల్లో ఒకటి తప్పు కావచ్చు. "ఆ చేతులు" అన్నది తప్పని నాకనిపించడం లేదు.

సున్నపు చెయ్యి | రెండు వారాల తర్వాత, బుధవారం సాయంత్రం 5:20

కోడలమ్మ గారి ఇల్లు చూసి వచ్చాను. ఆవిడ రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

దంతెలు 14. కొస దెబ్బతిన్నవి రెండే, రెండూ కురిసిన చోటివే. పైన నీటి గొట్టంలో టెన్నిస్ బంతి ఒకటి ఇరుక్కుని ఉంది. మిగతావన్నీ స్క్రూడ్రైవరు దిగలేదు.

హాలు మధ్యలో ఒక చోట చూడదగ్గది ఉంది. ఇటుక వరసలు ఒక మూల నుంచి ఒకరు, ఎదురు మూల నుంచి ఇంకొకరు కట్టుకుంటూ వచ్చారు. మధ్యలో కలిసేటప్పుడు జానెడు తేడా వచ్చింది. అక్కడ ఒక్కొక్క ఇటుకనీ ఏటవాలుగా చెక్కి, బాదం పలుకుల్లాగా సన్నం చేసి, మొత్తం పదకొండు ముక్కలతో ఆ ఖాళీ పూడ్చారు. కింద నిలబడితే తెలియదు. నిచ్చెన ఎక్కి వేలు పెట్టి చూస్తే గోరు కూడా దూరదు. ఇద్దరు మనుషులు అన్నది ఖాయం, ఒకాయన సున్నం అతుకు పలచగా పెడతాడు, ఇంకొకాయన కొంచెం మందంగా పెడతాడు. సగం నుంచి సగం వరకూ ఆ తేడా అలాగే కనబడుతోంది.

మరిది గారు కూడా నిచ్చెన ఎక్కి చూశారు. ఖర్చు రాసి ఇవ్వమన్నారు, ఇచ్చాను. నిర్ణయం వాళ్ళది.

చెట్‌పెట్ కోడలు | బుధవారం రాత్రి 9:30

ఈ ఏడాదికి బిల్డరుకి వద్దని చెప్పాం. కప్పు మాత్రం బాగు చేయించుకుంటాం. తర్వాత సంగతి తర్వాత, మరిది కూడా ఆ మాటకే ఒప్పుకున్నాడు. జల్లి కొట్టడం వచ్చే ఆదివారం మొదలు. దిమ్మిస పట్టడం వచ్చినవాళ్ళు ఇద్దరే దొరికారట, ఇంకో ఇద్దరు కావాలంటున్నారు.

మేస్త్రి మనవడు తమ్ముడూ, మీ అమ్మగారు ఒకసారి రాగలరా? పనికి కాదు, చూడటానికి. అత్తయ్య అడగమన్నారు.

నెల్లూరు మేస్త్రి మనవడు | బుధవారం రాత్రి 10:05

వస్తుంది అక్కా. ఊరికే కూర్చోమంటే మాత్రం కూర్చోదు. దిమ్మిస కూడా తీసుకొస్తానంటోంది. తొమ్మిదింటికి చెట్‌పెట్ స్టేషన్‌లో దిగుతాం. మెట్లు ఎక్కలేదు, లెవల్‌గా ఉండే వైపు ఏదో చెప్పండి.

చెట్‌పెట్ కోడలు | బుధవారం రాత్రి 10:12

మీరు రైల్లో రావొద్దు. మరిది కారు తీసుకొస్తాడు. అడ్రసు విడిగా పంపండి.